దున్నని సగం

అక్క పోయి నెల తిరక్కముందే బావ ట్రాక్టర్ పిలిపించాడు.

ఆ ఆదివారం పొద్దున పిచ్చుక బస్సు దిగి తోట దారి పట్టేసరికి ఇంజను చప్పుడు వినిపించింది. పక్కవాళ్ల పొలంలో కాబోలనుకుంది. కంచె దగ్గరికి వచ్చి చూస్తే ట్రాక్టర్ అక్క తోటలోనే ఉంది. వెనక రోటవేటర్ కత్తులు గిర్రున తిరుగుతూ, కాయలతో నిండుగా ఉన్న చిక్కుడు సాళ్లను ఆకూ కొమ్మా తేడా లేకుండా మట్టిలో కలిపేస్తున్నాయి. బావ డిపో యూనిఫాంలోనే అవతలి కంచెకు ఆనుకుని, తోటకు వీపు పెట్టి నిలబడ్డాడు.

పిచ్చుక అన్నది ఆమె అసలు పేరు కాదు. బావ మొదటిసారి వాళ్లింటికి వచ్చిన రోజున ప్రహరీగోడ మీద కూర్చుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్న బక్కపిల్లను చూసి, ఈ పిచ్చుక ఎవరిదని అడిగాడు. అప్పటినుంచీ అదే పేరు. ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. ల్యాబులో అందరూ మేడమ్ అంటారు. ఆ ఇంట్లో మాత్రం పిచ్చుకే.

తోట ఊరి చివర, బస్సు డిపో వెనకాల ఉంది. బావ ఆ డిపోలోనే మెకానిక్కు. పెళ్లయిన కొత్తలో పిచ్చిమొక్కలు మొలిచి పడున్న ఆ జాగాను అక్క కూరగాయల తోట చేసింది. మొదట్లో అందరిలాగే దున్నించింది. తర్వాత మానేసింది. పార కూడా దించేది కాదు. పంట అయిపోతే మొక్కను మొదలంటా కోసి, వేరును నేలలోనే వదిలేసేది. పైన ఎండుగడ్డి, రాలిన ఆకులు పరిచేది. విత్తనం పెట్టాలంటే గడ్డిని వేళ్లతో పక్కకు జరిపి, కర్రతో పొడిచి, పెట్టి, మళ్లీ కప్పేది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలన్నట్టు, నేల కదలకుండా పంట రావాలంటే ఎలా వస్తుందమ్మా అని చుట్టుపక్కలవాళ్లు నవ్వేవాళ్లు. వచ్చేది.

అక్కకు ఆ సంగతి చెప్పింది పిచ్చుకే. నాలుగాకులు ఎక్కువ చదివింది ఆమె. మట్టి పరీక్షల ల్యాబులో వేర్లను మైక్రోస్కోపు కింద చూడటం ఆమె ఉద్యోగం. మొక్క వేరు ఒంటరిది కాదని, సన్నటి బూజు పోగులు దానిలోకి దూరి, అక్కడినుంచి నేలలోకి చాలా దూరం పాకి, వేరుకు అందని ఎరువును, నీటిని తెచ్చిపెడతాయని, బదులుగా మొక్క ఆకులో వండుకున్న చక్కెరలో వాటికి వాటా ఇస్తుందని, ఆ పోగుల వెంబడే కోట్ల బాక్టీరియాలు కాపురముంటాయని ఒక సెలవురోజు కబుర్లలో చెప్పింది. నాగలి పెడితే ఆ పోగులన్నీ తెగిపోతాయని కూడా చెప్పింది. చెప్పి మరిచిపోయింది. అక్క మరిచిపోలేదు. "ఇంట్లో బూజు దులుపుతాను, నేలలో బూజు పెంచుతాను" అని అందరికీ చెప్పుకుని తిరిగింది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం చిక్కుడు సాళ్ల మధ్య పడిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. బావ డ్యూటీ దిగి, ఇంట్లో కనపడకపోతే తోటకు వెళ్లి చూశాడు. పిచ్చుక వచ్చేసరికి అక్కను ఆస్పత్రికి చేర్చేశారు. తెల్లదుప్పటి కింద అక్క మొహం చూసింది. జరగాల్సినవన్నీ దగ్గరుండి జరిపించింది. వచ్చినవాళ్లకు భోజనాలు చూసింది, చాపలు మడతపెట్టింది. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది చూడు, తోడబుట్టినదానికి ఒక్క చుక్క రాల్చలేదు అని ఒక పెద్దమ్మ అనడం ఆమె చెవిన పడింది. కోపం రాలేదు. ఆవిడ అన్నది నిజమే. పళ్ల డాక్టరు సూది వేశాక పెదవి ఉందో లేదో తెలియదు, తాకితే వేరేవాళ్ల పెదవిలా ఉంటుంది. అలా ఉంది ఆమెకు, ఒళ్లంతా.

ట్రాక్టర్ అతను ఆమెను చూసి బండి ఆపాడు. దిగి వచ్చి, చేతిలో ఒక మట్టిపెళ్ల పట్టుకుని, కాస్త మొహమాటంగా అడిగాడు.

"అమ్మా, ఆయన్ని అడిగితే పలకటం లేదు. మీరన్నా చెప్పండి. ఈ నేల దున్నక్కర్లేదు. చూడండి, చేత్తో నలిపితే నలిగిపోతోంది. పైగా గేటు దగ్గర ఖాళీ మడులు వదిలేసి కాపు మీదున్న చిక్కుడు నుంచి మొదలుపెట్టమన్నాడాయన. ఆపమంటే ఆపేస్తాను."

పిచ్చుక ఆ పెళ్ల వైపు చూసింది. కింది భాగంలో తెల్లటి పోగులు, తెగిన సాలెగూడులా వేలాడుతున్నాయి. ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచింది కూడా. నాలుక కదిపి మాట తయారు చెయ్యడం పెద్ద బరువు ఎత్తడంలా తోచింది. బావ అప్పటికీ ఇటు తిరగలేదు.

"ఆయన చెప్పినట్టు చెయ్యండి" అంది.

అతను భుజాలెగరేసి మళ్లీ బండెక్కాడు. కత్తులు తిరిగాయి. తడిమట్టి వాసన లేచింది. తెగిన వానపాముల కోసం ఎక్కడెక్కడి పక్షులూ దిగాయి. ఆమె కంచె పట్టుకుని చూస్తూ నిలబడింది. తోటలో సగం అయ్యేసరికి గడ్డి కింద దాగున్న నీళ్ల పైపు ఒకటి కత్తులకు చుట్టుకుని బండి ఆగిపోయింది. దాన్ని కోసి తీసేసరికి ఎండ నెత్తికెక్కింది. మిగతాది రేపొచ్చి దున్నుతానన్నాడు ట్రాక్టర్ అతను. చెప్తాలే అన్నాడు బావ. తర్వాత చెప్పనూ లేదు, అతను రానూ లేదు. అలా తోట రెండు సగాలైంది.

ఇంట్లో ఇద్దరూ తిన్నారు. ఎందుకు దున్నించావని ఆమె అడగలేదు. ఎందుకు ఆపలేదని ఆయనా అడగలేదు.

దున్నిన సగంలో బావ క్యాబేజీ నారు నాటాడు. జీవితంలో స్పానర్ తప్ప పలుగు పట్టని మనిషి. డిపోలో ఒక సహోద్యోగి చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఎవరూ అనుకోనంత బాగా వచ్చింది పంట. నవనవలాడే ఆకులు, ఒక్కో గడ్డా రెండు చేతులా ఎత్తేంత. చూసినవాళ్లంతా ఇన్నేళ్లూ దున్నించి ఉంటేనా అని ముక్కున వేలేసుకున్నారు. బావ ఒక గడ్డను సంచిలో పెట్టి పిచ్చుక చేతికిచ్చి, ఏమైనా అంటుందేమోనని మొహంలోకి చూశాడు. బాగుంది బావా అంది. అంతే.

చెప్పాల్సింది చాలా ఉంది. ఏళ్లతరబడి అక్క పోగేసిన సారమంతా నేల తిరగేయగానే ఒక్కసారి కరిగి బయటపడిందని, అది దాచుకున్నది తినడమే గానీ సంపాదించింది కాదని ఆమెకు తెలుసు. క్యాబేజీ జాతికి బూజుతో స్నేహం ఉండదనీ తెలుసు. ఆ వేరు పోగుల్ని లోపలికి రానివ్వదు. తెగి, అరకొరగా మిగిలిన పోగులు పంటకాలమంతా అన్నం పెట్టే వేరు లేక ఎండిపోతాయి. ఇవన్నీ ఆమె ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు తడుముకోకుండా చెప్పే సంగతులే. బావకు చెప్పాలనిపించలేదు. ఏదీ అనిపించడం లేదు. ల్యాబుకు వెళ్లేది, వేర్లు కడిగేది, వాటిని క్షారంలో వేడిచేసి గాజులా తేరేలా చేసేది, సిరా కలిపిన వెనిగర్లో నానబెట్టేది, అద్దాల మధ్య పెట్టి చూసేది. ఆదివారం తోటకు వచ్చేది. దున్నని సగంలో అక్క చేసినట్టే గడ్డి జరిపి విత్తనాలు పెట్టేది. దున్నపోతు మీద వాన కురిసినట్టు రోజులు ఆమె మీదుగా జారిపోయాయి.

క్యాబేజీ కోసేశాక వర్షాలు పడ్డాయి. దున్నిన సగంలో మట్టి వానకు చితికి, ఎండకు పెచ్చుకట్టింది. అడుగేస్తే పెంకులా విరిగేది. బావ పట్టుదలగా ఆ సగంలో మొక్కజొన్న వేశాడు. పిచ్చుక ఈ సగంలో అదే విత్తనం వేసింది.

మొలకలు రెండు పక్కలా ఒక్కసారే వచ్చాయి. నాలుగైదు ఆకులు తొడిగేదాకా తేడా తెలియలేదు. తర్వాత ఈ పక్క మొక్కలు మోకాలెత్తుకు లేస్తుంటే, ఆ పక్కవి జానెడు దగ్గర ఆగిపోయాయి. ఆకుల అంచులు ఊదారంగుకు తిరిగాయి. చలికి కమిలిన పెదవుల్లా కాడలు కూడా ఊదాగా మారాయి.

ఒకరోజు భోజనాల వేళ బావ ల్యాబుకు వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. చేతులకు గ్రీజు, ఒక ప్లాస్టిక్ సంచిలో మట్టితో సహా పెకలించిన మొక్క. వాకిట్లో చెప్పులు విడవాలా వద్దా అని తచ్చాడుతుంటే పిచ్చుకే వెళ్లి లోపలికి తీసుకొచ్చింది.

"ఎరువు వేశాను. నీళ్లు పెట్టాను. పురుగు కూడా లేదు" అన్నాడు. "ఏమైందో చూడు పిచ్చుకా."

ఆమె ఆ వేరును కడిగి పక్కన పెట్టింది. ఆయన్ని కూర్చోబెట్టి, అంతకుముందే వేరుముక్కలు పెట్టి తయారు చేసుకున్న రెండు గాజుపలకలు తీసింది. రెండూ ఆ తోటవే, చెరో సగంలోంచి తెచ్చుకున్నవి. ముందు దున్నని సగానిది పెట్టి చూడమంది. బావ ఒక కన్ను మూసుకుని వంగాడు. చాలాసేపు ఏం కనపడుతోందో అర్థం కాలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. గాజుగొట్టంలా వేరు. దాని నిండా నీలం పోగులు. గది గదిలోనూ ఒక చిన్న చెట్టులాంటిది, కొమ్మలు కొమ్మలుగా. రెండో పలక పెట్టింది. గాజుగొట్టం ఉంది. ఖాళీగా ఉంది. ఒక మూల ఒక్క నీలం గీత.

"ఇదే నా మొక్కా?"

"నీ సగంలోదే. మట్టి కూడా పరీక్ష చేశాను. భాస్వరం ఉంది. గంప నిండా ఉంది గానీ ఆ గంప అటక మీద ఉంది. మొక్కజొన్న వేరు అంత ఎత్తు అందుకోలేదు. మట్టికి అతుక్కుపోయిన భాస్వరాన్ని బాక్టీరియాలు విడగొట్టాలి. ఆ పోగులు మోసుకురావాలి. పోగులు లేవు."

"దున్నినందుకా?"

"దున్నినందుకు సగం. క్యాబేజీ వేసినందుకు సగం."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

బావ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తాడు. కోపగించుకుంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆయన మళ్లీ వంగి, ఖాళీ గొట్టంలోకి చూస్తూ, ఇక దీనికి మార్గం లేదా అని మాత్రం అడిగాడు. కొంత ఉందని చెప్పింది. దున్నని సగంలో మట్టి ఇంకా బతికే ఉంది. అందులోంచి వేర్లతో సహా కాస్త కాస్త తెచ్చి ఈ మొక్కల మొదళ్లలో పెడితే పోగులు అంటుకోవచ్చు. అన్నిటికీ అంటుకోకపోవచ్చు. ఈ పంటకు పెద్దగా ఉపయోగపడకపోవచ్చు కూడా. పై పంటకు పనికొస్తుంది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమన్నమాట" అన్నాడు బావ.

"ఆకులైనా ఉన్నాయిగా" అంది పిచ్చుక.

ఆదివారం ఇద్దరూ పనిలోకి దిగారు. మొత్తం నేల తవ్వకుండా, అక్కడక్కడా గడ్డి తొలగించి, చిన్న తాపీతో పిడికెడు పిడికెడు తీసి తట్టలో వేసేది ఆమె. ఆ మట్టి చేతిలో అటుకుల్లా పొరలుగా, వదులుగా ఉండేది. బూజు పోగులూ బాక్టీరియాల జిగురూ కలిసి రేణువుల్ని అలా పట్టి ఉంచుతాయని చెప్పింది. ఒకచోట పాత చిక్కుడు వేరు వచ్చింది, బుడిపెలతో. బావ ఒక బుడిపెను గోటితో చిదిపాడు. లోపల లేతగులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు వండిపెట్టే బాక్టీరియాలు అందులో ఉంటాయని, గులాబీగా ఉందంటే ఇంకా పని చేస్తున్నట్టేనని అంది. చిక్కుడు దున్నేసి చాలా రోజులైందిగా, ఇదెలా అన్నాడు. నువ్వు దున్నించాక ఇటు అంచున ఒక మొక్క మిగిలింది, నేను పీకలేదు అంది.

బావ తట్ట మోసుకెళ్లి ఆ పక్క ఊదారంగు మొక్కల ముందు గొంతుక్కూర్చున్నాడు. పిచ్చుక పెచ్చుకట్టిన మట్టిని చీల్చి సన్నటి గుంట చేస్తే, ఆయన పిడికెడు మట్టి పెట్టి అదిమేవాడు. అలా సాళ్లు సాళ్లు చేసుకుంటూ పోయారు. ఒక సాలు మధ్యలో బావ చెయ్యి ఆగింది.

ఆమె అడగకుండానే చెప్పాడు. ఆ రోజు అక్క ఇక్కడే పక్కకు ఒరిగి పడి ఉంది. చిక్కుడు తీగలు ఆమె కింద నలిగాయి. ఆమెను తీసుకెళ్లాక కూడా అవి లేవలేదు. మర్నాడొచ్చి చూస్తే గడ్డి మీద మనిషి పడుకున్నట్టే అచ్చు ఉంది. తల ఎక్కడ, భుజం ఎక్కడ, మడిచిన మోకాలు ఎక్కడ, అన్నీ తెలుస్తున్నాయి. నీళ్లు పెట్టి చూశాడు, పోలేదు. చేత్తో గడ్డి సరిచేద్దామని వంగాడు, చెయ్యి రాలేదు. రోజూ డ్యూటీకి వెళ్తూ చూడటం, వస్తూ చూడటం. చివరికి ట్రాక్టర్ పిలిచాడు.

"నేలంటే నాకేం కోపం పిచ్చుకా? అది కనపడకుండా పోతే చాలనుకున్నాను" అన్నాడు.

పిచ్చుక తాపీని మట్టిలో గుచ్చి లేచి నిలబడింది. చెవుల్లో రక్తం కొట్టుకుంటున్న చప్పుడు. అది ఏమిటో ఆమెకు వెంటనే పోల్చుకోవడానికి రాలేదు.

"నన్ను పిలిచి ఉండాల్సింది" అంది.

బావ తలెత్తి చూశాడు.

"నేను చూసింది దుప్పటి బావా. ఆస్పత్రిలో దుప్పటి. అక్క ఎక్కడ పడింది, ఎలా పడింది, ఎటు తిరిగి పడుకుంది, నాకెవరూ చెప్పలేదు. అది ఇక్కడ అన్ని రోజులు ఉందా? నేను ప్రతి ఆదివారం వచ్చాను. ఆ గేట్లోంచి నడిచి వెళ్లాను. ఒక్కసారి చూపించాలనిపించలేదా నీకు?"

"నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనని నీకెవరు చెప్పారు? ఆ అచ్చు నీ ఒక్కడిదేనా? దాన్ని నా కళ్లముందే దున్నించావు. ఏం దున్నుతున్నారో తెలియక నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. అతను వచ్చి ఆపమంటారా అని కూడా అడిగాడు. ఆపమని ఉండేదాన్ని."

ఆమె గొంతు పెద్దది కాలేదు. పక్కనున్న తట్టను కాలితో తన్నింది. అక్కడిదాకా మోసుకొచ్చిన మట్టి పెచ్చుల మీద ఒలికిపోయింది. బావ ఒలికిన మట్టిని చేతులతో తట్టలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. ఆమె చేతులు కూడా కడుక్కోకుండా గేటు దాటి బస్టాపుకు వెళ్లిపోయింది. బస్సులో పక్కసీటు ఆవిడ ఆమె చేతుల మట్టి చూసి చీర కొంగు దగ్గరికి లాక్కుంది. ఊరు వచ్చేదాకా పిచ్చుక మనసులో బావతో పోట్లాడుతూనే ఉంది. అనకుండా మిగిలిపోయిన మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మంచం మీద వాలేసరికి ఒళ్లంతా నొప్పులు. అక్క పోయాక ఆమెకు ఏదైనా నొప్పి పుట్టడం అదే మొదలు.

రెండు ఆదివారాలు ఆమె వెళ్లలేదు. బావ ఫోన్ చెయ్యలేదు. మూడో ఆదివారం వెళ్లేసరికి, మిగిలిన సాళ్లన్నిటికీ ఆయన ఒక్కడే మట్టి పెట్టేసి ఉన్నాడు. పైన ఎండుగడ్డి కప్పాడు, అక్క పరిచినంత ఒత్తుగా కాదుగానీ, కప్పాడు.

ఆ మొక్కజొన్న అంతంతమాత్రంగానే వచ్చింది. కొన్ని మొక్కలు ఊదారంగు వదిలి పచ్చబడి, ఆలస్యంగా పొత్తు వేశాయి. కొన్ని జానెడు దగ్గరే ఉండిపోయి అలాగే ఎండిపోయాయి. పచ్చబడినవాటి వేర్లు పిచ్చుక ల్యాబుకు తీసుకెళ్లి చూసింది. అక్కడక్కడా నీలం పోగులు, కొన్ని గదుల్లో చెట్లు. వచ్చి బావకు చెప్పింది. ఎన్ని గదుల్లో అని అడిగాడు. ఎక్కువ కాదంది. దంట్లు పీకకుండా మొదలంటా కోసి, వేర్లు నేలకే వదిలేశారు.

మళ్లీ విత్తే రోజు చిక్కుడు గింజలు ఒళ్లో పోసుకుని ఆమె అడిగింది.

"ఎక్కడో చూపించు బావా."

ఆయన వెంటనే లేచాడు. గేటునుంచి కొంతదూరం నడిచి, ఇక్కడ అని ఆగాడు. కంచె వైపు చూశాడు, డిపో గోడ వైపు చూశాడు. కాదు, కొంచెం అటు అన్నాడు. అక్కడికీ వెళ్లి నిలబడి, మళ్లీ వెనక్కి వచ్చాడు. రోజూ చూసిన చోటే గానీ, సాళ్లు మారిపోయాయి, గుర్తులన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఆయన మొహం చిన్నబోయింది. సరిగ్గా తెలియటం లేదు పిచ్చుకా అన్నాడు.

"తల ఎటు?"

"డిపో వైపు. అది మాత్రం గట్టిగా తెలుసు."

పిచ్చుక గింజలు ఒడిలో పట్టుకునే వెళ్లి, ఆయన చూపించిన రెండు చోట్ల మధ్య కూలబడింది. రాత్రి వాన పడటంతో గడ్డి తడిగా ఉంది. చల్లదనం బట్టల్లోంచి ఒంటికి తగిలింది. డిపోలో ఎవరో బస్సు ఇంజను రేస్ చేసి ఆపారు. ఆమెకు ఏడుపు వచ్చింది. పెద్దగా కాదు. ముక్కు కారింది, చెంపలు తడిశాయి, మోచేత్తో తుడుచుకుంది.

బావ ఆమె ఒళ్లోంచి గింజలు కొన్ని తీసుకుని, ఆమె చుట్టూ గడ్డి జరుపుతూ పెట్టుకుంటూ పోయాడు. తడిలో కూర్చుంటే జలుబు చేస్తుంది, లే అన్నాడు.

"ఇంకాసేపు" అంది పిచ్చుక.